మూతమీది అరచెయ్యి

నేను ఒక నల్ల ట్రంకు పెట్టెను. ఈ మాటను ఇంత సాదాగా చెప్పుకోవలసి రావడం నాకు కొంచెం చిన్నతనంగానే ఉంది. రాజులకు ఉన్నట్టే నాకూ వంశచరిత్ర ఉన్నది. నా తండ్రి ఒక ఇనపరేకు, తల్లి ఒక చెక్కసుత్తి, జన్మస్థలం గోల్కొండ కోట దాపున రేకులపని చేసే ఒక మేస్త్రీ అంగడి. ఆ కోటను ఎవరెవరో ముట్టడించారనీ, గెలిచారనీ, పోగొట్టుకున్నారనీ చరిత్ర ఘోషిస్తున్నది. కోటకు సరైన గొళ్ళెం లేకపోవడం వల్లనే ఇన్ని అనర్థాలు జరిగాయని నా నిశ్చితాభిప్రాయం. నాకు మాత్రం పుట్టిననాడే ఇత్తడి గొళ్ళెమూ, దానికి తగిన తాళమూ అమరాయి. అందుచేతనే నన్ను ఇంతవరకూ ఎవరూ జయించలేదు.

నన్ను వరించి తీసుకువెళ్ళినవాడు అడపా వీరభద్రుడు. గోదావరి కాలవల మధ్య ఉన్న కత్తులవారిపాలెం నుంచి ఫిరంగిదళంలో చేరడానికి వచ్చిన కుర్రవాడు. ఆ ఊళ్ళో పొయ్యి వెలిగే ప్రతి ఇంటినుంచీ ఒక సిపాయి పుట్టుకొస్తాడు. వరిచేలు ఎక్కువ, యుద్ధాలు తక్కువ అయిన ఆ నేలకు ఈ వీరావేశం ఎలా పట్టిందో నాకు తెలియదు గాని, ఒకసారి పట్టాక వదల్లేదు. దళంలో చేరిన వారానికే నా మూతమీద తెల్లరంగుతో అతని నంబరు, హోదా, పేరు రాయించారు. పూర్వం చక్రవర్తులు శిలాశాసనాలు వేయించేవారట. వాటిని మోసుకుని రైలెక్కడం మాత్రం వారెవరికీ సాధ్యపడలేదు.

కత్తులవారిపాలెంలో ఒక ఆచారం ఉంది. ఏటా జనవరి ఇరవయ్యారున ఊళ్ళో ఉన్న సిపాయిల పెట్టెలన్నింటినీ పంచాయతీ అరుగుమీదకు తెచ్చి, వెలసిన అక్షరాలమీద మళ్ళీ తెల్లరంగు దిద్దిస్తారు. కొలువు ముగించి వచ్చినవాడి పేరుకు ముందు ఆ రోజునే ‘మాజీ’ అని చేరుస్తారు. ఆ రెండక్షరాల కోసం అక్కడి మగవాళ్ళు మంచుకొండలమీద ఏళ్ళకు ఏళ్ళు గడిపి వస్తారు.

వీరభద్రుడు ఫిరంగికి గురి సరిచూసే పనిలో ఆరితేరాడు. ఆ పనిలో ఉన్నవాడికి తన ఫిరంగి మీద ఉండే ప్రేమను చూస్తే, కట్టుకున్న భార్య అసూయపడడం ధర్మమే. ఒకనాడు ఎడారిలో సాధన జరుగుతూ ఉండగా గుండు ఫిరంగి నోరు దాటీ దాటకముందే పేలిపోయింది. మనుషులెవరికీ ఏమీ కాలేదని పైకి వార్త వెళ్ళింది. వీరభద్రుడు బారకాసులో తన మంచం దగ్గరికి వచ్చి, నన్ను తెరిచి, దూది తీసుకుని, ఎడమ చెవిలో కుక్కుకుని, నన్ను మూసేశాడు. ఆ దూది రంగు నాకు తెలుసు. అది తెల్లగా మిగల్లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళి ఉంటే కథ అక్కడితో ముగిసేది. అతని ఆరోగ్యశ్రేణి తగ్గించి, ఫిరంగి దగ్గరినుంచి తప్పించి, గోదాములో దుప్పట్లు లెక్కపెట్టే పనికి పంపేవారు. అది గౌరవమైన పనే. దుప్పటి లేకుండా ఏ సైన్యమూ చలికి ఎదురు నిలవలేదు. కానీ కత్తులవారిపాలెంలో అలా గోదాము నుంచి రిటైరై వచ్చిన ఒక పెద్దమనిషిని చచ్చేదాకా ‘దుప్పట్ల సూరన్న’ అని పిలిచారు. పాడెమీద కప్పిన కొత్తబట్టను చూసి కూడా ఎవరో ఒకరు నవ్వారట. ఇది విని పెరిగినవాడు వీరభద్రుడు. చెవి పోయిందని చెప్పడంకంటే అతనికి ఏదైనా నయమే అనిపించింది. ఆ ఏదైనా అనేది ఎంత పొడుగు మాటో అప్పటికి తెలియదు.

ఎడమపక్కనుంచి అధికారి పిలిస్తే అతను పలకలేదు. ఆజ్ఞ ఇస్తే కదల్లేదు. “వినపడలేదా?” అని గద్దించి అడిగితే, “వినపడిందండి, చెయ్యలేదు” అన్నాడు. మహారాజులకు సైతం ఇంత గొప్ప జవాబు తోచి ఉండదు. సైన్యంలో పెద్ద శిక్షలను ఎర్రసిరాతో నమోదు చేస్తారు. అవి నాలుగు పోగయితే మనిషిని ఇంటికి పంపవచ్చు. అతనికి నాలుగూ పోగయ్యాయి, అన్నీ ఆజ్ఞాధిక్కారం కిందనే.

ఇదంతా జరుగుతున్న కాలంలో నాకొక రహస్యోద్యోగం లభించింది. వీరభద్రుడికి కుడిపక్కకు ఒత్తిగిలి పడుకోవడం అలవాటు. మంచిచెవి దిండులో కూరుకుపోతే అలారం వినబడదు. అందుకని గడియారాన్ని నా మూతమీద పెట్టి, నన్ను మంచానికి ఆనించి, అరచెయ్యి నామీద ఆన్చి నిద్రపోయేవాడు. వేకువన గడియారం మోగితే నా రేకు ఒళ్ళంతా జలదరించేది. ఆ జలదరింపు అతని చేతికి ఎక్కేది. ఒక ఫిరంగి సిపాయిని మేల్కొలిపే సుప్రభాతసేవ నాదే అయింది. అదే చోట అదే చెయ్యి ఆని ఆని, అతని పేరులోని చివరి అక్షరాలు అరిగిపోయి, రేకు బయటపడింది.

చివరికి పంపేశారు. చేతికిచ్చిన పత్రంలో ‘ప్రవర్తన’ అని ఒక గడి ఉన్నది. మనుషులకు గడులంటే ఎంత నమ్మకమో చూడండి: ఒక మనిషి మొత్తాన్ని అంగుళమంత చోట ఇరికించగలమనుకుంటారు. బట్టలు మడతపెట్టడం తెలిసిన నాకే అది చేతకాదు. ఆ గడిలో ‘అవాంఛనీయుడు’ అని రాశారు.

ఇల్లు చేరిన రోజునే వీరభద్రుడు నల్లరంగు డబ్బా తెచ్చి, నా మూత మొత్తం పులిమేశాడు. నంబరూ పోయింది, పేరూ పోయింది. అరిగిన చోటుకూడా రంగు కిందికి వెళ్ళిపోయింది. తరువాత నన్ను మంచం కిందికి తోసి, వడ్లబస్తాల గోనెలు కప్పాడు. ఊరు అతన్ని ‘మొండి భద్రుడు’ అన్నది. ఆ మాటలో సగం మెప్పు ఉంది. దానితోనే సరిపెట్టుకుని బతికాడు. వేకువన లేపే ఉద్యోగం అతని భార్య తాయారమ్మ పుచ్చుకుంది. ఆమె భుజంమీద తట్టి లేపేది. నేను పదవీభ్రష్టుణ్ణయ్యాను.

అలా ఎంతకాలం గడిచిందో చెప్పడానికి అతని తలమీది తెలుపే సాక్ష్యం. ఇంతలో ఊళ్ళో కొత్తగా ఒక సైనికభవనం కట్టారు. అందులో ప్రతి సిపాయి పెట్టెనూ వరసగా పేర్చి ఉంచాలని తీర్మానమైంది. మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడైన యర్రంశెట్టి ధర్మారావు, వరసకు వీరభద్రుడికి కొడుకు, గుమ్మంలో నిలబడి నసిగాడు.

“పిన్నీ, గౌరవంగా వచ్చినోళ్ళ పెట్టెలే పెట్టాలని రూలండి. రూలు నేను రాయలేదు.”

“మీ బాబాయి అగౌరవంగా ఏం చేశాడ్రా? ఎవరి కోడినైనా ఎత్తుకొచ్చాడా?” అంది తాయారమ్మ.

“అది కాదు పిన్నీ, కాయితంలో అలా ఉందంట.”

“కాయితాన్నే తీసుకుపోయి పెట్టుకోండి మీ భవనంలో. పెట్టెకంటే చోటు తక్కువ పడద్ది!”

అతన్ని అలా సాగనంపి, ఆమె నన్ను పెరట్లోకి ఈడ్చింది. కిరసనాయిలూ కొబ్బరిపీచూ తెచ్చింది. మొగుడి పేరు ఎలా ఉండేదో కళ్ళారా చూడాలని పట్టుబట్టి, పంతంకొద్దీ నా వీపు తోమింది. నల్లరంగు కరిగింది. కింద తెల్లని నంబరు తేలింది, హోదా తేలింది, ‘అడపా వీర’ దాకా తేలింది. తక్కినచోట అక్షరాలు లేవు. అరచెయ్యి ఆకారంలో, అయిదు వేళ్ళతో సహా, బోసిరేకు ఉన్నది. తాయారమ్మ దానిమీద తన చెయ్యి పెట్టి చూసింది. చాలలేదు. పశువులకు గడ్డి వేస్తున్న వీరభద్రుణ్ణి కుడిపక్కనుంచి వెళ్ళి పట్టుకొచ్చింది.

“చెయ్యి ఇలా పెట్టండి.”

“ఎందుకే?”

“పెట్టమంటన్నానా!”

పెట్టాడు. తాళానికి చెవి పడినట్టు సరిపోయింది. ఇక అతనికి దాగే చోటు లేదు. గడియారం సంగతి, దూది సంగతి, ఎడారి సంగతి అన్నీ నేలచూపులు చూస్తూ చెప్పాడు.

“ఇన్నేళ్ళూ నాతో కూడా చెప్పలేదు!”

“చెప్తే ఏం చేసేదానివి?”

“ఏం చేసేదాన్నో ఇప్పుడు చూద్దురు గాని,” అంది ఆమె.

ఆమె చేసిందేమిటంటే, కాకినాడలో శ్యామల అనే వకీలును వెతికి పట్టుకోవడం. పాత పత్రంలోని మాటను మళ్ళీ విచారించి మార్చే అధికారం ఉన్న మండలి ఒకటి ఉన్నదని ఆ వకీలు చెప్పింది. చెవి డాక్టరు పరీక్షించి, కర్ణభేరి పేలుడుకు చిరిగిన పాత మచ్చ ఉన్నదని రాసిచ్చాడు. అయితే అది కొలువులో ఉండగా చిరిగిందో, ఇంటికొచ్చాక చిరిగిందో మచ్చ చెప్పదు. అందుకు సాక్షిని తీసుకురావాలని శ్యామల అన్నది. ఆ సాక్షిని నేనే. నన్ను దుప్పటిలో చుట్టి రైలెక్కించారు. దుప్పటిలో అన్నందుకు క్షమించాలి, విధికి హాస్యం ఎక్కువ.

మండలిలో ముగ్గురు పెద్దలు కూర్చున్నారు. మధ్యలో కూర్చున్న అధ్యక్షుడు పూర్వం ఫిరంగిదళంలోనే అధికారి. ఎదుటి పక్షపు వకీలు లేచి, ముసలితనంలో చెవుడు సహజమనీ, ఆనాడు ఈ సిపాయి తనంతట తానే “వినపడింది, చెయ్యలేదు” అన్నాడనీ వినయంగా చెప్పాడు. అతని తప్పేమీ లేదు. అది నిజమే.

అధ్యక్షుడు హిందీలో అడిగాడు: “ఆ మాట మీరన్నారా?”

“అన్నానండి.”

“ఎందుకు చెయ్యలేదు?”

వీరభద్రుడు నిటారుగా నిలబడ్డాడు. శ్యామల నేర్పిన జవాబు నోటిదాకా వచ్చింది. కత్తులవారిపాలెం మొత్తం వచ్చి దాన్ని వెనక్కి నెట్టేసింది. “మొండితనమండి,” అన్నాడు.

“అబద్ధమండీ!” అని వెనకనుంచి తాయారమ్మ కేక వేసింది. ఆమెకు హిందీ రాదు. మొగుడి వీపు చూసి పట్టేసింది.

నవ్వు సద్దుమణిగాక, శ్యామల నన్ను బల్లముందుకు తెప్పించింది. తాయారమ్మ తోమని సగం మూతమీద నల్లరంగు అలాగే ఉంచారు. ఆ రంగు అంచున, దాని కిందనుంచే మొదలైన బొటనవేలి గుర్తు కనిపిస్తున్నది. ఇంటికొచ్చిన రోజున వేసిన రంగుకు కిందనే అరుగుదల ఉన్నదంటే, అరిగింది అంతకుముందేననీ, చెవికి వినబడని అలారాన్ని అతను అరచేత్తో పట్టుకునేవాడనీ ఆమె నిదానంగా చెప్పింది. అధ్యక్షుడు కుర్చీ దిగి వచ్చాడు. జేబుగడియారం అలారం మోగించి నా మూతమీద పెట్టి, ఆ గుర్తులో తన చెయ్యి ఆన్చాడు. నాకు పూర్వవైభవం తిరిగి వచ్చింది. ఒళ్ళంతా జలదరించాను. ఆయన చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

“ఏ చెవి?” అని అడిగాడు, చాలా నెమ్మదిగా, ఇంకొక ఫిరంగి సిపాయిని అడిగినట్టు.

వీరభద్రుడు ఆ చెవిని తాకి చూపించాడు. “ఎడమదండి,” అన్నాడు.

కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది. ‘అవాంఛనీయుడు’ అన్న మాట కొట్టివేసి, వైద్యకారణాలపై గౌరవంగా విడుదలయినట్టు రాశారు. వీరభద్రుడు దాన్ని రెండు మూడుసార్లు చదివించుకుని, “ఇన్నాళ్ళూ మొండోణ్ణి, ఇక చెవిటోణ్ణి. ఊళ్ళో ఎలా తిరగాలే తాయారూ?” అన్నాడు. మండలి ముందు ఒప్పుకున్నాడే గాని, ఊరిముందు ఒప్పుకోవడం ఇంకా మిగిలే ఉంది. జనవరి ఇరవయ్యారున పెట్టుకున్న భవనం ప్రారంభానికి రానని మొండికేశాడు. పాత బిరుదును ఆఖరుసారి వాడుకున్నాడన్నమాట.

అయినా తాయారమ్మ తీసుకువచ్చింది. పెట్టెలు వరసగా పేర్చి ఉన్నాయి, వాటిలో నేనూ ఉన్నాను. అక్షరాలు దిద్దే యేసుపాదం కుంచెతో సిద్ధంగా ఉన్నాడు. ధర్మారావు మైకు పట్టుకుని పేర్లు పిలుస్తున్నాడు. పిలిచినవాడు లేచి వచ్చి తన పెట్టె పక్కన నిలబడాలి. “మాజీ నాయక్ అడపా వీరభద్రుడు గారు,” అని పిలిచాడు. వీరభద్రుడు కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. ఎడమపక్కనుంచి. జనమంతా నేలవైపు చూస్తున్నారు. నవ్వినవాడు లేడు. తాయారమ్మ చెయ్యి అతని భుజందాకా వచ్చి, తట్టకుండా ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దం అతనికి అర్థమయింది. నిశ్శబ్దాన్ని వినడానికి ఏ చెవి అయినా చాలు కదా. లేచి, ధర్మారావు వైపు తిరిగి, సభకంతటికీ వినబడేలా అన్నాడు:

“ఇటువైపుకొచ్చి పిలవరా. ఆ చెవి పనిచెయ్యదు నాకు.”

“తెలుసు బాబాయ్,” అన్నాడు ధర్మారావు మైకులోనే. “నాకు ఊహ తెలిసినకాడినుంచీ నీ కుడిపక్కనే నిలబడి మాట్లాడతన్నాం. మా నాన్న అలా నిలబడమని నేర్పాడు. ఇవాళ మైకు వైరు చాలక ఇటొచ్చాను, ఏమనుకోకు.”

అప్పుడు నవ్వారు జనం, యేసుపాదంతో సహా. వీరభద్రుడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. యేసుపాదం అతని కుడివైపుకు నడిచివచ్చి, “అరిగినచోట కూడా అక్షరాలు రాసేయమంటారాండి?” అని అడిగాడు.

“అక్కడ రాయకు,” అన్నాడు వీరభద్రుడు. “అదీ నా పేరే.”

ఇప్పుడు నేను ఆ భవనంలో గోడవారన, గౌరవనీయులైన ట్రంకుల మధ్య నివసిస్తున్నాను. నా మూతమీద ‘మాజీ నాయక్ అడపా వీర’ అని ఉంటుంది, తరువాత ఒక అరచెయ్యి. చదువుకున్నవాళ్ళు వచ్చి, పేరు అసంపూర్ణంగా ఉన్నదని బాధపడి వెళుతుంటారు. సాయంత్రాలు వీరభద్రుడు వచ్చి కూర్చుంటాడు. అలారం లేదు, లేపవలసిన పనీ లేదు. అయినా చెయ్యి తెచ్చి అదే చోట ఆన్చుతాడు. నా రేకు చల్లగా ఉంటుంది, అతని చెయ్యి వెచ్చగా ఉంటుంది. ఎవరైనా ఎడమపక్కనుంచి పలకరిస్తే, తొణక్కుండా, కాస్త దర్జాగానే, కుడివైపుకు రమ్మని సైగ చేస్తాడు.