భ్రమరాంబత్త కాళ్ళు

బస్సు కదులుతోంది గాని కిటికీల బయట ఊళ్ళేవీ వెనక్కి పోవడం లేదు, మధ్యాహ్నపు ఎండ ఒక్కటే లోపలికొచ్చి సీట్ల మీద పరుచుకుని ఉంది, నేను కండక్టరు చొక్కా వేసుకుని టిక్కెట్ల మిషను పట్టుకుని నిలబడి ఉన్నాను. సీట్లన్నీ ఖాళీ. ఒకే ఒక్క మనిషి ఎక్కడా కూర్చోకుండా డ్రైవరు వెనక నుంచి చివరి సీటు దాకా నడిచి, అక్కడ తిరిగి మళ్ళీ ముందుకొస్తోంది. చెప్పుల్లేని ఆ పాదాలు చూసి గుర్తుపడతాను. మా నాన్న చెల్లెలు, నా మేనత్త భ్రమరాంబ. ఆవిడ పోయి నాలుగేళ్ళయిందని నాకు తెలుసు, తెలిసినా ఆ సంగతి పక్క ఊరి కబురులా ఎక్కడో దూరంగా ఉంది, ఇప్పుడు నా కంగారంతా ఆవిడ తూలి పడుతుందేమోనని.

"కూర్చో అత్తా, పడతావు."

"కూర్చుంటే ఈ కాళ్ళు ఊరుకోవు గదే శేషూ. నీకు తెలీందేముంది?"

నిజమే, నాకు తెలుసు. చీరాల పక్కన జాండ్రపేటలో మాది మగ్గాల ఇల్లు. చిన్నప్పుడు నేను అత్త పక్కనే పడుకునేదాన్ని. దీపం తీసేసిన కాసేపటికి ఆవిడ కాళ్ళు కదలడం మొదలయ్యేది. నొప్పి కాదు, తిమ్మిరి కాదు, పిక్కల లోపల ఎవరో సన్నటి దారాలు పట్టి లాగుతున్నట్టు ఉంటుందనేది. "కాస్త తొక్కవే" అంటే నేను గోడ పట్టుకుని ఆవిడ పిక్కల మీద ఎక్కి నిలబడేదాన్ని. దిగానో లేదో మళ్ళీ మొదలు. ఇక పడుకోలేక లేచి వీధిలోకి పోయి ఈ చివర నుంచి ఆ చివరకి తొలికోడి కూసేదాకా నడుస్తూనే ఉండేది.

ఇదంతా మనసులో అనుకున్నానో పైకే అన్నానో తెలియదు, బస్సు ఎక్కడా ఆగలేదు గాని మేం మా పాత మగ్గాల షెడ్డులో ఉన్నాం, నా చేతిలో మిషను లేదు, అత్త గుంట మగ్గంలో కాళ్ళు దించి కింది చెక్కలు తొక్కుతోంది, అడ్డపోగు వెయ్యాల్సిన నాడె ఇటూ అటూ పోతోంది గాని మగ్గం మీద నూలూ లేదు, గుడ్డా లేదు. పగలంతా మగ్గం మీద ఉన్నంతసేపూ ఆవిడకి ఏ బాధా ఉండేది కాదు. కూర్చున్నా కాళ్ళు ఆడుతూనే ఉండేవి మరి. ఆ సంగతి అప్పట్లో మాలో ఒక్కరికీ తట్టలేదు.

"అత్తా, నీకో మాట చెప్పాలి."

"మంగళగిరి వాళ్ళ సంగతేనా?" తలెత్తకుండానే అంటుంది.

అప్పుడు అత్తకి ఇరవై రెండు, నాకు తొమ్మిది. మంగళగిరి సంబంధం ఖాయమై, లగ్నపత్రిక రాయించుకోవడానికి వాళ్ళొచ్చిన రోజున పెళ్ళికొడుకు అక్క నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, చేతిలో జిలేబీ పెట్టి, "మీ అత్త రాత్రిళ్ళు నీ దగ్గరే పడుకుంటుందా అమ్మా?" అని అడిగింది. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. "పడుకోదు. అందరూ నిద్రపోయాక వీధిలోకి పోద్ది. తెల్లారి వస్తది." పోసిన కాఫీలు కూడా తాగకుండా లేచి వెళ్ళిపోయారు వాళ్ళు. వారం తిరక్కుండా పేటంతా ఆవిడకి తిరుగుబోతు అని పేరు పెట్టింది. నాన్న తాయెత్తు కట్టించాడు. అది పనిచెయ్యకపోతే రాత్రిపూట ఆవిడ రెండు కాళ్ళూ పాత చీరతో మంచం కోడుకి కట్టేశాడు. ఆ తర్వాత మరో సంబంధం మా గడప తొక్కలేదు. యాభై ఏడో ఏట గుండె ఆగి పోయేదాకా అత్త ఆ ఇంట్లోనే ఉంది, ఆ రోజు గురించి నాతో ఒక్క ముక్క ఎత్తలేదు.

"తలుపు వెనకే ఉన్నాను నేను," అంటుంది అత్త. "అంతా విన్నాను."

"అబద్ధం చెప్పాల్సింది అత్తా."

"తొమ్మిదేళ్ళ పిల్లవి, నీకేం తెలుసు? ఆ రోజుకి నీ మీద కోపం లేదు."

అక్కడితో ఆపుతుందనుకుంటాను, కలలో మనుషులు మనకి కావలసిన మాటే అంటారు కదా అని కలలోనే అనుకుంటాను. ఆవిడ ఆపదు.

"పెద్దయ్యాక అడగలేదు చూడు, దానికుంది కోపం. ఉద్యోగం తెచ్చుకున్నావు, నాలుగూళ్ళు చూశావు, వచ్చినప్పుడల్లా నాకు చీర పెట్టావు. అత్తా, రాత్రిళ్ళు ఎందుకట్టా తిరిగేదానివి అని ఒక్కసారి అడిగావా? నువ్వూ వాళ్ళలాగే అనుకున్నావు."

కాదనబోతాను. నోరు తెరిస్తే నిజమే వస్తుంది. "అనుకున్నాను. పూర్తిగా కాదు గాని, అనుకున్నాను."

ఆవిడ తల ఊపుతుంది, ఎన్నాళ్ళుగానో రావలసిన ఉత్తరం అందినట్టు. చెక్కలు తొక్కడం మాత్రం ఆపదు.

"నాకూ వచ్చింది అత్తా," అంటాను.

చెక్కల చప్పుడు ఆగిపోతుంది. "ఏందే?"

"ఆ కాళ్ళే. రెండేళ్ళ కిందట. డ్యూటీలో నిలబడ్డంతసేపూ బాగానే ఉండేది. ఇంటికొచ్చి నడుం వాలిస్తే చాలు, దారాలు లాగడం మొదలు. హాల్లో గోడ నుంచి గోడకి నడిచేదాన్ని. అట్టా నడుస్తుంటే ఒక రోజు నువ్వు గుర్తొచ్చావు. నేను నడుస్తున్నది నీ నడకే."

ఆవిడ గుంటలోంచి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంటుంది, చెయ్యి వెచ్చగా ఉంది, మేం ఇద్దరం గుంటూరు ఆసుపత్రిలో నిద్ర జబ్బుల డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని ఉన్నాం, నేను కిందటేడు ఒక్కదాన్నే కూర్చున్న బల్ల అది, అప్పుడు నా పక్కన ఉన్నవాళ్ళే ఇప్పుడూ ఉన్నారు. గురక మధ్యలో ఊపిరి ఆగిపోయే లావుపాటి మాస్టారు, రాత్రి ముక్కుకి తగిలించుకునే గాలి మిషనుని సంచిలో పెట్టుకుని, అది వచ్చాక పగలు క్లాసులో కునికిపాట్లు పోయాయని అందరికీ చెబుతున్నాడు. పకపకా నవ్వితే చాలు మోకాళ్ళు సడలి కూలబడిపోయే కాలేజీ పిల్ల, పాఠం మధ్యలో నిద్రలోకి జారిపోయే పిల్ల, ఇప్పుడు మందులు వాడుతూ పరీక్షలకి చదువుకుంటోంది. ఒకరిని తిండిపోతన్నారు, ఒకరిని దయ్యం పట్టిందన్నారు.

"మనలాంటోళ్ళే," అని అత్త చుట్టూ చూస్తుంది. "నిన్నేం అడిగింది డాక్టరు?"

"పడుకుంటే ఎక్కువవుతుందా, నడిస్తే తగ్గుతుందా, పొద్దుగూకినప్పటి నుంచే మొదలవుతుందా అని. అన్నిటికీ అవునన్నాను. మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉండేదా అంది. అప్పుడు ఏడుపొచ్చింది."

"నా పేరు చెప్పావా?"

"చెప్పాను. మా మేనత్త భ్రమరాంబకి, వయసొచ్చిన దగ్గర్నుంచీ, పోయేదాకా అని. ఇది వంశంలో రావచ్చమ్మా, దీనికి పేరుంది, మందూ ఉంది అందావిడ."

"పేరుందా?"

"రెస్ట్‌లెస్ లెగ్స్ అంటారంట. కుదురు లేని కాళ్ళన్నమాట."

అత్త ఆ మాటని నెమ్మదిగా, కొత్త వంటకం రుచి చూస్తున్నట్టు, రెండుసార్లు అనుకుంటుంది. "అయితే జబ్బేనా?"

"జబ్బే."

"దయ్యం కాదు?"

"కాదత్తా."

"మరైతే నేను తిరుగుబోతుని కాదన్నమాట."

ఆ మాట నేననాల్సింది, ముప్ఫై తొమ్మిదేళ్ళ కిందటే ఎవరో ఒకరు అనాల్సింది. "కాదు," అంటాను. "ఎప్పుడూ కాదు." ఆవిడ నవ్వుతుంది, ముందు పెదాలతో, తర్వాత పొట్ట పట్టుకుని, బల్ల మీదివాళ్ళందరూ తిరిగి చూసేంత గట్టిగా.

"మందేమిచ్చింది?"

"రక్తం పరీక్ష చేస్తే ఒంట్లో ఇనుము అడుగంటిందని తేలింది. ఐరన్ మాత్రలిచ్చింది, టీతో కాదు, నిమ్మరసంతో వేసుకోమంది. సాయంత్రం కాఫీ మానిపించింది. జలుబుకని నేను మింగే మాత్ర ఈ కాళ్ళని ఇంకా ఎగదోస్తుందని అదీ ఆపించింది. అప్పటికీ ఊరుకోకపోతే రాత్రికో చిన్న మాత్ర."

"ఇనుమా! చిటికెడు ఇనుము తక్కువైందని నన్ను మంచానికి కట్టారా?" అని మళ్ళీ నవ్వుతుంది, ఈసారి కళ్ళు తుడుచుకుంటూ. "తగ్గిందా మరి?"

"వెంటనే కాదు. మూడో నెలకి తేడా తెలిసింది. ఇప్పటికీ వారానికో రోజు వస్తుంది. మిగతా రోజులు నిద్రపోతున్నాను అత్తా."

"మీ నాన్నకి చెప్పావా?"

"చెప్పాను. లేచి పెరట్లోకి పోయి గోడ వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. మర్నాటి నుంచి టీ కొట్టు దగ్గర కూర్చుని కనబడ్డోళ్ళందరికీ చెబుతున్నాడు, మా భ్రమరాంబకి ఉన్నది జబ్బయ్యా, పాపం అది ఏ తప్పూ చెయ్యలేదు అని. వినేవాళ్ళలో సగంమందికి నువ్వెవరో కూడా తెలీదు."

"పిచ్చి సన్నాసి," అంటుంది అన్నని, ముద్దుగానే.

ఆసుపత్రి వరండా ఎప్పుడు మా ఇంటి వసారా అయిందో చూడలేదు, పగటి వెలుగు అలాగే ఉంది, ఎవరో చాప పరిచారు. నేను ఆలస్యమైపోతుందేమోనని గబగబా అంటాను, "నన్ను క్షమించత్తా, అడగనందుకు." "ఇప్పుడడిగావుగా," అంటుంది ఆవిడ, అంతకన్నా మెత్తని మాట ఏదీ చెప్పదు, నాకు అదే చాలనిపిస్తుంది. చాప మీద వెల్లకిలా పడుకుని చీర పాదాల దాకా సర్దుకుంటుంది. నేను పక్కన కూర్చుని ఆ అంచు వైపే చూస్తుంటాను, ఇప్పుడు కదులుతుంది, ఇప్పుడు కదులుతుంది అనుకుంటూ, అత్త ఊపిరి బరువెక్కుతుంది, నోరు కాస్త తెరుచుకుంటుంది, పాదాలు మాత్రం ఎక్కడివి అక్కడే ఉన్నాయి, నేను పుట్టి పెరిగాక మొట్టమొదటిసారి భ్రమరాంబత్త నిద్రపోవడం చూస్తున్నాను, లేపకూడదని ఊపిరి బిగపట్టుకుంటాను, ఆ బిగింపుకే నాకు మెలకువ వస్తుంది.

కిటికీలో ఎండ వచ్చేసింది. ఆరున్నర. తల కొంచెం ఎత్తి కిందికి చూశాను. ఇస్త్రీ చేసిన దుప్పటి రాత్రి విప్పి కప్పుకున్నాను. నా పాదాల మీద దాని మడత గీత చెదరకుండా అలాగే ఉంది.