కంచెకు అవతలి నీళ్ళు

అత్తాకోడళ్ళకు ఒక్క క్షణం పడదు. గుర్రపుడెక్క పీకే పనిలో మాత్రం ఇద్దరూ ఒకే జట్టు. చెరువుకు అడ్డంగా వేసిన గట్టుకు ఇవతల, రంగుల ఫ్యాక్టరీ కాలువ కలిసే నల్లటి సగంలో, మోకాలి లోతున దిగి రోజంతా పీకుతారు. గట్టు మీద ఇనుపకంచె. అవతలి సగంలో తేటనీళ్ళు, పడవలు, క్లబ్బువాళ్ళ ఈతలు. చెరువు అందరిదీ అని క్లబ్బువాళ్ళే చెబుతుంటారు. చెప్పినవాడెవడూ ఇవతల కాలు పెట్టిన పాపాన పోలేదు.

కాలువలోకి మందునీళ్ళు వదిలే ముందు ఫ్యాక్టరీ కూత వేస్తుంది. అది వినగానే గట్టెక్కాలి. ఆరోజు కూత వేయలేదు. పసుపు నురగ వచ్చి అత్త కాళ్ళను చుట్టేసింది. కోడలు ఒడ్డుకు ఈడ్చేసరికి పిక్కల మీద చర్మం ఉడికిన దుంప తొక్కలా ఊడివస్తోంది.

"మంటే! నీళ్ళు పొయ్యవే!" అని అత్త గావుకేకలు పెట్టింది.

ఏ నీళ్ళని పోస్తుంది? సీసాలో రెండు గుక్కలున్నాయి. పేట కుళాయి సాయంత్రం దాకా రాదు. కోడలు అత్తను వీపున వేసుకుని గట్టెక్కింది. కంచె గేటు దగ్గర కాపలా ఆమె సొంత తమ్ముడే.

"ఆగక్కా! నా ఉద్యోగం పోతుంది."

"పోతే పోనీరా. ముసల్దాని కాళ్ళు పోతున్నాయి!"

తమ్ముడు లాఠీ అడ్డం పెట్టాడు. కోడలి రెండు చేతులూ అత్త బరువు మోస్తున్నాయి. అందుకని తలతో వాడి ముఖం మీద కుమ్మింది. వాడి ముక్కు చితికి నెత్తురు బొటబొటా కారింది.

ఈలోగా క్లబ్బు సూపర్‌వైజరు మరో ఇద్దరితో పరుగెత్తుకొచ్చి ఆమె జుట్టు పట్టి లాగాడు. అత్త కిందపడి బండబూతులు లంకించుకుంది. అంత నొప్పిలోనూ ఆ నోటికి విశ్రాంతి లేదు.

"అక్కడ పిల్లలు ఈదుతున్నారు. ఆ కాళ్ళు మా నీళ్ళలో పెడతారా?" అన్నాడు సూపర్‌వైజరు. తమ్ముడి వైపు తిరిగి, "నీవాళ్ళేగా, నువ్వే తన్ని తరుము. నీ ఉద్యోగానికి ఢోకా ఉండదు" అన్నాడు.

తమ్ముడు ఉడికిపోయిన ఆ కాళ్ళను చూశాడు. లాఠీ ఎత్తాడు. కోడలు కళ్ళు మూసుకుంది. దెబ్బ సూపర్‌వైజరు మెడ మీద పడింది.

సూపర్‌వైజరూ ఆ ఇద్దరూ తమ్ముడి మీద విరుచుకుపడ్డారు. బూటుకాళ్ళతో కడుపులో తన్నారు, లాఠీలతో వీపు పగలగొట్టారు. ఎముక విరిగిన చప్పుడు కోడలికి స్పష్టంగా వినబడింది. చంకనేసుకుని పెంచిన తమ్ముడు. ఆమె అటు రెండడుగులు వేసింది.

"రాకక్కా!" వాడు నేల మీంచే అరిచాడు. "కడుగు! ముందు కడుగు!"

ఆమె అత్తను గేటు దాటించి, తేటనీళ్ళలోకి దింపి దోసిళ్ళతో పోయసాగింది. వెనక దెబ్బలు పడుతూనే ఉన్నాయి. వాడి కేకలు మూలుగులయ్యాయి. అత్త తిట్లు ఆగిపోయాయి.

"చాల్లేవే. వాడి దగ్గరికి పో" అంది అత్త ఏడుస్తూ.

చాలలేదు. పిక్కల మీంచి ఇంకా పసుపు కారుతోంది. కోడలు వెనక్కి తిరిగి చూడకుండా ఇంకో దోసిలి పోసింది.