ఉన్నారా గారు

మూడోసారి కూడా ఫోను మోగి మోగి ఊరుకుంది. ఆయన రిసీవరు పెట్టేసి, దరఖాస్తు మీది నంబరును ఒక్కొక్క అంకే వేలు పెట్టి చదువుకున్నాడు. పొట్టిచేతుల చొక్కా, జేబు అంచున సిరా మరక, బట్టతల మీదికి నెట్టిన కళ్ళజోడు. కంపెనీలు విరాళమిచ్చిన యంత్రాలను సేవాసంస్థలకు పంచే ఆఫీసు అది. అడిగిన సంస్థ నిజంగా ఉందా, కాగితాల మీదే ఉందా తేల్చడం ఆయన పని. ఇరవయ్యారేళ్ళుగా ఫోనెత్తి మొదట అనే మాట "ఉన్నారా?" కాబట్టి, అందరికీ ఆయన 'ఉన్నారా గారు' అయిపోయాడు.

"ఊరంతా ఉందో లేదో చూసొస్తారు. ఇంట్లో నేనున్నానో లేదో మాత్రం చూడరు," అనేది భార్య. ఆయన నవ్వి, పరాయి ఇంటికొచ్చినవాడిలా వంటగది తలుపు తట్టేవాడు.

ఫోనెత్తకపోతే వెళ్ళి చూడాలి. మధ్యాహ్నం సంచీ తగిలించుకుని బయల్దేరాడు. పొగలాంటి సన్నటి వాన. వీధి నీళ్ళ అడుగున కదులుతున్నట్టుంది. సైకిళ్ళ షాపు పక్క మెట్లెక్కుతూ రెండుచోట్ల ఆగి ఊపిరి తీసుకున్నాడు. పైమెట్టు మీద, మడమల దగ్గర అరిగిన చెప్పులు విడిచాడు.

పైగదిలో ఒక పెద్దావిడ బొంగురు గొంతుతో పుస్తకం చదువుతోంది. ఎదురుగా చూపులేనివాళ్ళు నలుగురు, ముఖాలెత్తి వింటున్నారు.

"ఫోను మోగింది కానీ ఎత్తలేదండీ," అందావిడ. "కథలో అందరూ పడవెక్కారు. నడి ఏట్లో వదిలేసి ఎలా రాను? నా గొంతు పోతోంది. పూర్తిగా పోయేలోపు ఈ పుస్తకాలన్నీ రికార్డు చేసిపెడదామని మిషను అడిగాను."

"కమిటీ సభ్యులు ఏడుగురని రాశారు?"

"ఆరుగురు పోయారండీ. కాగితంలో మాత్రం ఉన్నారు."

ఆయన కలం ఆగింది. "కనీసం ముగ్గురుండాలమ్మా. లేకపోతే ఇవ్వడం కుదరదు."

వింటున్న నలుగురిలో కుర్చీలు అల్లే ఒకాయన మెల్లగా అన్నాడు: "మేం నలుగురం మనుషుల్లా కనబడ్డంలేదా అండీ మీకు?"

ఉన్నారా గారు సిగ్గుపడ్డాడు. నిబంధనల పుస్తకం తీసి పేజీ పేజీ తిప్పాడు. సభ్యులకు చూపుండాలని ఎక్కడా లేదు.

"సమావేశం పెట్టి ఎన్నుకోవాలి."

"పెట్టేయండి. అందరం ఇక్కడే ఉన్నాంగా, కబురు పంపే పని కూడా లేదు!" అంది పెద్దావిడ.

నవ్వులు. ఆయనే తీర్మానం రాసి, రెండుసార్లు పైకి చదివి వినిపించాడు. వేలిముద్రలు వేయించి, ఒక్కొక్కరి బొటనవేలూ తన రుమాలుతో తుడిచాడు. తర్వాత నివేదికలో రాశాడు: 'సంస్థ ఉంది. సభ్యులు అయిదుగురు. స్వయంగా చూశాను.'

"ఇంకో నాలుగు పేజీలే. విని వెళ్ళండి," అంది పెద్దావిడ.

పనైపోయాక ఎక్కడా కూర్చున్న మనిషి కాదు. ఈరోజు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, వాళ్ళలాగే కళ్ళు మూసుకున్నాడు. పడవ సాగుతోంది. వాన బయట పడుతోందో కథలో పడుతోందో తెలియలేదు. ఇంటికెళ్ళాక భార్యకీ ఇలా ఏదైనా చదివి వినిపించాలనుకున్నాడు. నీళ్ళు తనను తేలిగ్గా ఎత్తి మోస్తున్నట్టుంది.

అధ్యాయం అయిపోయింది.

"నిద్రపోయినట్టున్నారు," కుర్చీలాయన గుసగుసగా అన్నాడు.

"అలసిపోయారు పాపం. లేపకండి." పెద్దావిడ శాలువా కప్పబోయి ఆయన చేయి తాకింది. తాకిన చేయి అక్కడే ఉంచేసింది.

కిందనుంచి సైకిళ్ళ షాపాయన డాక్టరును తీసుకొచ్చాడు. చేయగలిగిందేమీ లేకపోయింది. సాయంత్రానికి భార్య వచ్చింది.

"బాధపడ్డారా?"

"లేదమ్మా. కథ వింటున్నారు."

నివేదికను భార్యే ఆఫీసుకు పంపించింది. పదిరోజుల్లో మిషను వచ్చింది.

ఆ వాన సాయంత్రం, ఆయన్ని కిందికి దించాక, చూపులేని నలుగురూ గుమ్మం బయట తడుముకుంటూ ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కుని దిగిపోయారు. మడమల దగ్గర అరిగిపోయిన జత ఒకటి పైమెట్టు మీద మిగిలిపోయి, జల్లుకు తడుస్తూ ఉంది.