పేషెంటు వేషం

ఆ ఉదయం ఆడవాళ్ల వార్డు తుడుస్తుంటే బిందుమాధవి మేడమ్ పిలిచారు. మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్ ఆవిడ.

"నస్రత్, ఇవాళ క్లాసులో నువ్వే పేషెంటువి. రోగితో ఎలా మాట్లాడాలో పిల్లలకి నేర్పాలి. మూడు నెలల్నుంచి తలనొప్పి, నిద్ర పట్టదు. అంతే చెప్పు."

పదమూడేళ్లుగా ఈ గుంటూరు ఆసుపత్రిలో తుడుస్తున్నాను. నన్ను కుర్చీలో కూర్చోమనడం అదే మొదలు.

మొదట వచ్చిన కుర్రాడు కాగితం చూసుకుంటూ బీపీ ఉందా, షుగరుందా అని గబగబా అడిగేశాడు. "ముందు ఆమెను చెప్పనివ్వు," అన్నారు మేడమ్. తర్వాత శ్రీరమ్య అనే అమ్మాయి వచ్చి, పెన్ను జేబులో పెట్టేసి, కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఏం బాధగా ఉందమ్మా?"

"తలనొప్పండి."

"ఎప్పట్నుంచి?"

మూడు నెలలనాలి. ఆ పిల్ల తొందరపెట్టకుండా నా మొహంలోకే చూస్తోంది. ఇంట్లో నేను నోరు తెరిస్తే మా ఆయన మాలిక్ టీవీ సౌండు పెంచుతాడు. "పనికెళ్లే ఆడదానికి నొప్పులేంటే," అంటుంది మా అత్త ఖుర్షిదా. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు.

"మా పాప పోయినప్పట్నుంచండి. తొమ్మిదేళ్లు."

అప్పుడు నాకు ఎనిమిదో నెల. సెలవు రోజున కూడా అత్త నన్ను మిరపకాయల తొడిమలు తీసే పనికి తీసుకెళ్లింది. పొద్దుట్నుంచీ పాప కదలడం లేదని చెప్పాను. "కూర్చుని చేసే పనేగా, కానియ్," అంది. సాయంత్రం దాకా తొడిమలు తీశాను. పుట్టిన పాప ఏడవలేదు. మాలిక్ గుడ్డలో చుట్టి తీసుకెళ్లాడు. తిరిగొచ్చి, "ఆడపిల్లేగా. ఇంకోటి పుడుతుందిలే," అన్నాడు. పుట్టలేదు. నాలుగో రోజు, పాలు కారి జాకెట్టు తడిసిపోతుంటే, పొయ్యి దగ్గర నిలబడి ఇంటిల్లిపాదికీ అన్నం వార్చాను.

ఇదంతా చెప్పేశాను.

"పాపకి పేరు పెట్టుకున్నారా అమ్మా?"

ఇన్నేళ్లలో ఒక్కరూ అడగలేదు.

"హయాత్. బతుకు అని అర్థమండి. మనసులోనే పెట్టుకున్నా. మా ఆయనక్కూడా తెలీదు."

శ్రీరమ్య కళ్లు నిండాయి. తర్వాత వెనక బెంచీల్లోంచి చప్పట్లు మొదలయ్యాయి. "ఏం యాక్ట్ చేసిందిరా!" అన్నాడెవరో. మేడమ్ నవ్వుతూ నా భుజం తట్టారు.

"నేను చెప్పినదానికన్నా బాగా చెప్పావు నస్రత్. రేపు రెండో బ్యాచికి కూడా ఇదే చెప్పు."

కొంగు నోట్లో కుక్కుకుని ఊరుకోవడం నాకు అలవాటే. ఆ పూట చేతకాలేదు.

"రేపు క్లాసుకి రానండి," అన్నాను. "ఓపీకి వస్తాను. నా పేరు మీదే చీటీ రాయించుకుని."