ఏడిళ్ళు తిరిగిన పలక

"ఏదో ఒకటి కొనేసుకోరాదూ? అన్నీ ఒకటేగా" అన్నాడు మా ఆయన షూ లేసులు కట్టుకుంటూ. అన్నీ అంటే లాప్‌టాప్‌లు. నేనప్పుడు ఉతికిన దుప్పటి అంచుని గడ్డం కింద అదిమిపట్టి ఒక్కదాన్నే మడతపెడుతున్నాను కాబట్టి జవాబు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. ఇస్త్రీ బల్ల చివర నా లాప్‌టాప్ మూత తెరుచుకుని ఉంది. ముందురోజు ఇలాగే బట్టల మధ్య పనిచేసుకుంటుంటే దాని తెర ఒక్కసారిగా నల్లబడిపోయింది. మళ్ళీ వెలగలేదు.

నా పని సినిమాలకి సబ్‌టైటిల్స్ రాయడం. తెర మీద మనుషులు వేరే భాషలో గుక్కతిప్పుకోకుండా మాట్లాడుతుంటే, దాన్నంతా అడుగున రెండు వరసల్లో పట్టేట్టు మన భాషలోకి కుదించాలి. ఎక్కువ రాశామా, చూసేవాళ్ళు చదివేలోపు మాట దాటిపోతుంది. ఏళ్ళ తరబడి అదే పని చేసీ చేసీ, ఇంట్లో ఎవరేమన్నా నాకు తెలియకుండానే కుదించేస్తుంటాను. "అన్నీ ఒకటేగా" అన్నదానికి ఆ పూట అడుగున పడిన లైను: నువ్వు చేసేదేంటో నేనెప్పుడూ చూడలేదు.

ఆ లాప్‌టాప్‌ని నేను రాసిన మొదటి సినిమా డబ్బుతో కొన్నాను. ఇంటికి తెచ్చిన రోజు అందరూ చేతులు మార్చుకుంటూ చూశారు. వెండి రంగు, పల్చటి ఒళ్ళు, నున్నటి అంచులు. అత్తయ్య అరచేతుల్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి, "ఇదేం కంప్యూటరే, మా చిన్నప్పటి పలకలా ఉంది. బలపం ఏదీ?" అంది. అప్పట్నుంచీ ఇంట్లో దాని పేరు పలక. "కోడలు పలక పట్టింది, ఇక మనకి టీ లేనట్టే" అనేది అత్తయ్య, అప్పటికే టీ తాగుతూ.

అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, నేను అడిగాను కూడా. హాల్లో కిటికీ పక్కన చిన్న బల్ల ఒకటి వేయించుకుంటానన్నాను. "బల్లెందుకు? తేలికదేగా, ఎక్కడైనా కూర్చుని చేసుకోవచ్చు" అన్నాడు మా ఆయన. ప్రేమగానే అన్నాడు. నేనూ మురిసిపోయాను. కాలు కదపనివ్వని ఉద్యోగాలు చేసే స్నేహితురాళ్ళకి గొప్పగా చెప్పుకున్నాను, నాది ఎక్కడైనా కూర్చుని చేసుకునే పని అని. ఇంట్లో బల్ల లేక కాదు. వెనక వైపు చిన్న గదిలో ఉంది, చేతులున్న కుర్చీతో సహా. దాన్ని ఆయన గది అంటాం. ఆయనకి మీటింగులుంటాయి. మీటింగులు లేనప్పుడు, ఆయన ఆఫీసులో ఉన్నప్పుడు కూడా అది ఆయన గదే. నేను తుడవడానికి వెళ్ళి వచ్చేదాన్ని.

ఎక్కడైనా అంటే నిజంగానే ఎక్కడైనా. వాషింగ్ మెషీన్ మీద పెట్టుకుని రాసేదాన్ని, అది గిరగిరా తిరిగేటప్పుడు తెర మీద అక్షరాలు వణికేవి. పొయ్యి పక్కన గట్టు మీద పెడితే పాలు పొంగే వాసన ముందుగా దానికే తెలిసేదేమో అనిపించేది. పాప పుట్టాక ఎడమ చంకలో పాప, కుడి చేతిలో పలక. రెండూ వెచ్చగానే ఉండేవి. పాపని జోకొడుతూ ఒంటి చేత్తో టైపు చేయడం అప్పుడే పట్టుబడింది, ఈనాటికీ నా ఎడమ చెయ్యి సగం అక్షరాలని గుర్తుపట్టదు. పాప ఈత క్లాసు బయట తడి మెట్ల మీద కూర్చుని రాశాను. అత్తయ్యకి తుంటి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రి మంచం పక్కన, మందుల ట్రే మీద పెట్టుకుని రాశాను. అప్పుడు రాస్తున్న సినిమాలో గడియారాలు బాగుచేసే ముసలాయన, పోయిన భార్య చెప్పుల్ని ప్రతిరోజూ తీసి ఎండలో పెడతాడు. ఒక్క మాటా ఉండదు ఆ సీనులో, నేను రాయాల్సిందేమీ లేదు. ఊరికే చూసి వెక్కివెక్కి ఏడ్చాను. నర్సు పరుగున వచ్చి, "మీ అత్తగారికేం కాదమ్మా, రేపు నడుస్తారు" అని నా వీపు నిమిరింది. అత్తయ్య ఆ సంగతి బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పుకుంది, నా కోడలు నాకోసం ఎలా ఏడ్చిందో అని. నేను కాదనలేదు. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. పలక మూత మీద పాప అంటించిన చుక్కల స్టిక్కరు సగం ఊడి అలాగే ఉండిపోయింది. ఇంత బతుకూ ఆ కాస్త రేకు మీదే గడిచింది.

"పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పినట్టు ఆ పలకని ఇల్లంతా తిప్పుతావేంటే" అనేది అత్తయ్య. అందరం నవ్వేవాళ్ళం.

బాగుచేసే షాపతను దాన్ని విప్పి చూసి, లోపల పోయిన భాగం ఇక దొరకదన్నాడు. కంప్యూటర్లు అమ్మే పెద్ద షాపులో అమ్మాయి ఇంకా మర్యాదగా చెప్పింది. "ఆ మోడల్ మన దగ్గర అమ్మడం మానేశారు మేడం. కంపెనీ ఇటు పంపట్లేదు." అలాంటిదే ఇంకొకటి చూపించమంటే వరసగా పెట్టింది. నేను ఒక్కొక్కటీ ఎత్తి చూశాను. ఒకటి బరువు. ఒకటి తేలికే గానీ ఒక మూల పట్టుకుంటే వంగుతోంది. ఒకటి ఇటుకలా ఉంది.

"ఒంటి చేత్తో ఎందుకు ఎత్తుతున్నారు మేడం?" అంది ఆ అమ్మాయి.

"రెండో చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుందమ్మా" అన్నాను. తను నా ఖాళీ ఎడమ చేతికేసి చూసింది. వేరే ఊళ్ళ షాపుల్లో పాత సరుకు ఉందేమో అడిగి ఫోన్ చేస్తానని నెంబరు తీసుకుంది.

ఈలోపు నాకు సినిమాలిచ్చే స్టూడియో ఆవిడ నుంచి కబురు. ఒక పెద్ద సీరియల్ మొత్తం నాకే ఇద్దామనుకుంటోంది, వెంటనే మొదలుపెట్టాలి. "మీకు కుదరకపోతే చెప్పండి, వేరేవాళ్ళు ఎదురుచూస్తున్నారు" అంది. అన్నేళ్ళుగా విడి సినిమాలు ఏరుకుంటూ వచ్చినదాన్ని, ఇలాంటి పని చేజారితే మళ్ళీ నన్ను పిలుస్తారన్న నమ్మకం లేదు. భోజనాల దగ్గర ఆ మాట చెబితే మా ఆయన, "ఇంత టెన్షన్ దేనికి? కొన్నాళ్ళు మానెయ్యరాదూ. తేలిక పనేగా, ఎప్పుడు కావాలంటే అప్పుడు మళ్ళీ పట్టుకోవచ్చు" అన్నాడు. దాన్ని కుదించడానికి నాకు ఒక్క వరస చాలు: నువ్వు లేకపోయినా జరిగిపోతుంది. నాకు ఒళ్ళు మండింది. అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

మర్నాడు అలమార పైఅర దులుపుతుంటే ఆయన పాత లాప్‌టాప్ కనబడింది. ఆఫీసువాళ్ళు సన్నటి కొత్తది ఇచ్చాక దీన్ని పైన పడేశాడు. రెండు చేతులతో దించేసరికి భుజం పట్టేసింది. బ్యాటరీ చచ్చిపోయింది, గోడకి వైరు తగిలించి ఉంచితేనే బతుకుతుంది. ఆ వైరూ పొట్టిది. ఇల్లంతా తిరిగి చూశాను. గట్టు మీద పెడితే పొయ్యికి చోటు లేదు, సోఫా దగ్గర ప్లగ్గు అందదు, ఒళ్ళో పెట్టుకుంటే మోకాళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. కూర్చుని రాసే బల్లా ప్లగ్గూ పక్కపక్కన ఉన్న చోటు ఇంట్లో ఒక్కటే.

తుడుపుగుడ్డ లేకుండా ఆయన గదిలోకి అడుగుపెట్టడం కొత్తగా ఉంది. కుర్చీకి చేతులుంటే మోచేతులకి ఇంత విశ్రాంతి అని నాకు తెలియదు. తలుపు వేశాను. అది వేసుకున్న చప్పుడు లోపలి నుంచి వినడం అదే మొదటిసారి.

సీరియల్ మొదటి సీను సగంలో ఉండగా అత్తయ్య కేక. "అమ్మాయ్, నా కళ్ళజోడెక్కడే?"

పలక ఉన్న రోజుల్లో అయితే ఈపాటికి దాన్ని చంకన పెట్టుకుని వెళ్ళి, కళ్ళజోడు వెతికి, ఆ మంచం చివరే కూర్చుని మిగతాది రాసేదాన్ని. ఇప్పుడు కూడా అలవాటుగా లేచి, రెండు చేతులూ లాప్‌టాప్ కిందికి పెట్టాను. అది లేవలేదు. వైరు బిగిసింది.

"కాసేపాగండత్తయ్యా, ఇది కదలదు" అని అరిచాను.

ఏదో కానిపని చేసినట్టనిపించింది. అవతల్నుంచి గొణుగుడు వినబడింది. "ఉందిలే. నెత్తి మీదే ఉంది."

ఆ సీను పూర్తిగా ఒకే ఊపులో రాశాను. చదువుకుంటే నాకే ఆశ్చర్యమేసింది. అందులో మాటలు కుదించినట్టు లేవు, వాళ్ళు మన భాషలోనే పుట్టినట్టు మాట్లాడుతున్నారు. ఇన్నాళ్ళూ నా రాత అంతేలే అనుకున్నాను. పాలు పొంగేలోపు, పాప లేచేలోపు, మెషీన్ ఆగేలోపు రాసింది అలాగే ఉంటుంది మరి. అప్పుడు అత్తయ్య సామెత గుర్తొచ్చింది. పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుంది, నిజమే. సరదాకి తిప్పుతుందా? నోట కరుచుకుని ఇల్లిల్లూ తిరిగేది, ఏ ఇంట్లోనూ నిలవడానికి చోటు లేకనే కదా. ఇంత నవ్వాం, ఎవరమూ పిల్లిని అడగలేదు.

మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. "ఇక్కడున్నావేంటి?"

"ఇది కదలదండీ. వైరు ఇక్కడే అందుతోంది."

"సరే, నీ పలక దొరికేదాకా" అన్నాడు. ఆ రోజుల్లో ఆయన మీటింగులు భోజనాల బల్ల మీద జరిగాయి. అత్తయ్య అడ్డంగా నడవడం, పాప గిన్నెలు చప్పుడు చేయడం మీటింగులో అందరికీ తెలిసిపోతున్నాయని రోజూ ఫిర్యాదు. నేను స్టూడియో ఆవిడకి మొదటి భాగం పంపాను. "ఇది మీరే రాశారా?" అని అడిగింది. సీరియల్ నాకే ఇచ్చింది.

ఇంతలో షాపు అమ్మాయి ఫోన్. "మేడం, మీ మోడలే. వేరే ఊళ్ళో ఒకే ఒక్కటి, డబ్బా విప్పనిది దొరికింది. తెప్పించేశాను." నా ప్రాణం లేచొచ్చింది, అబద్ధమెందుకు. మా ఆయన నాకన్నా సంబరపడ్డాడు. ఏనాడూ నాతో షాపింగుకి రాని మనిషి, ఆఫీసు నుంచి నేరుగా బ్యాగు భుజానేసుకుని షాపుకొచ్చేశాడు.

ఆ అమ్మాయి దాన్ని డబ్బాలోంచి తీసి నా చేతిలో పెట్టింది. అదే వెండి రంగు, అదే చల్లదనం, అవే నున్నటి అంచులు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాన్ని కుడి చేత్తో ఎత్తాను. ఎత్తగానే నా ఎడమ నడుము తనంతట తానే పక్కకి వంగింది. చంకలో పాప కూర్చోడానికి. పాప ఇప్పుడు నా భుజం దాకా ఎదిగింది. నా ఒళ్ళు మాత్రం ఆ తేలికదనం తగలగానే ఇంకో బరువు కోసం సిద్ధమైపోయింది.

మూత మీద ఒకసారి చెయ్యి వేసి నిమిరాను. తర్వాత గాజు బల్ల మీద పెట్టేశాను.

"వద్దమ్మా."

"అదేంటి మేడం? మీరడిగింది ఇదేగా. అంతే తేలిక."

"తేలికే. అందుకే వద్దు. నీకు శ్రమ ఇచ్చాను, ఏమనుకోకు. బరువుది చూపించు. పెద్ద తెరది, ఒకచోట పెడితే మళ్ళీ కదలనిది."

"అదెక్కడ పెడతావు?" అన్నాడు మా ఆయన.

"బల్ల మీద. మీ గదిలో."

ఆయన నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. "మరి నేనెక్కడ కూర్చోవాలి?"

ఆయన భుజాన ఆఫీసువాళ్ళిచ్చిన సన్నటి లాప్‌టాప్ బ్యాగు, లోపల ఉందో లేదో తెలియనంత పల్చగా వేలాడుతోంది.

"మీది తేలికదేగా, ఎక్కడైనా కూర్చుని చేసుకోవచ్చు" అన్నాను. ప్రేమగానే అన్నాను.