దర్జీ కూతురి పరుగు

ఈనాడు ఆడపిల్లలు నిక్కర్లు వేసుకుని ఫుట్‌బాల్ ఆడుతుంటే ఎవరూ వింతగా చూడరు. ముప్పై ఏళ్ల కిందటి మాట వేరు. ఆ రోజులు తలుచుకుంటే నవ్వూ వస్తుంది, గుండె బరువూ ఎక్కుతుంది.

మా వీధి దర్జీ కూతురు బడి ఫుట్‌బాల్ జట్టులో చేరింది. జట్టులోని పిల్లలందరికీ నిక్కర్లు కుట్టింది ఆ దర్జీయే. పరాయి పిల్లలకు కొలత ప్రకారం హాయిగా లూజు వదిలిన మనిషి, కన్నకూతురి దగ్గరికి వచ్చేసరికి నలుగురూ ఏమనుకుంటారోనని జంకాడు. పిక్కల దాకా దించి, పరుగులో పైకి లేవకుండా మోకాళ్ల దగ్గర బిగించి కుట్టాడు.

సాయంత్రాలు పీటీ మేడం నేలమీద సున్నంతో నిచ్చెన గీసేది. గళ్లలో అడుగులు వేసి, ఖాళీ డబ్బాల మధ్య వంకరటింకరగా పరుగెత్తి రావాలి. బంతి అందితే ఎవరికీ చిక్కనివ్వని ఆ పిల్ల, ఈ పరుగులో మాత్రం రోజూ ఆఖరే. తోటిపిల్లలు ‘నత్తమ్మా’ అని ఆటపట్టించేవారు.

ఎంపిక రోజున దర్జీ జట్టుకు కుట్టిన చొక్కాల్లో మిగిలినవి ఇవ్వడానికి మైదానానికి వచ్చాడు.

“మీ అమ్మాయికి కాళ్లలో చురుకు లేదండీ. పద్దెనిమిది సెకన్లలో రావాలి, ఇరవై రెండు దాటుతోంది. ఇంకొక్కసారి చూస్తాను. రాకపోతే జట్టులో పెట్టుకోలేను,” అంది మేడం.

“ఎవరి తప్పూ లేదు నాన్నా, నా కాళ్లే అంత,” అంది పిల్ల తల దించుకుని.

ఆ మాటకు దర్జీ ప్రాణం ఉసూరుమంది. పిల్ల మళ్లీ బయలుదేరింది. డబ్బా దగ్గర తిరిగినప్పుడల్లా మోకాళ్ల మీద గుడ్డ బిగుసుకుంటోంది, అడుగు సగంలో ఆగిపోతోంది. దర్జీ కంటికి అది తెలియకుండా ఎలా ఉంటుంది? సగం దారిలోనే ఆపేశాడు.

“ఇటు రా అమ్మడూ. కదలకుండా నిలబడు.”

సంచీలోంచి కత్తెర తీసి, రెండు కాళ్లకూ మోకాలి పైదాకా గుడ్డ కత్తిరించేశాడు.

“అమ్మ చంపేస్తుంది నాన్నా.”

“మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు పరుగెత్తు.”

పరుగెత్తింది. మేడం గడియారం రెండుసార్లు చూసుకుంది. పదిహేడు. పిల్లలు కేకలు వేస్తూ దాన్ని చుట్టుముట్టారు. దర్జీ అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు.

“అందరి పిల్లలకీ ఒళ్లు కొలిచి కుట్టాను మేడం, నా కూతురికి నా భయాన్ని కొలిచి కుట్టాను. ఆడపిల్లకి చురుకు లేదనే ముందు, దాని కాళ్లకి మనం ఏం తగిలించామో చూసుకోవాలి.”