ఆకుల గుడ్డ

"నీ పేరొక్కటి ఇవ్వు. మిగతాదంతా మేం చూసుకుంటాం."

హిలారియా దుంపలు తొక్కుతుండగా మొగుడు ఫాకుందో అన్న మాట అది. ఏడాదంతా నిలవుండాలంటే, రాత్రి మంచుకు బిగుసుకున్న బంగాళదుంపల్ని ఎండ పొడవగానే వట్టి కాళ్లతో తొక్కి నీరు పిండాలి. ఆ ఇంట్లో ఆ పని ఆమెదే. అతను గట్టున నిలబడి కోకా ఆకు నములుతూ ఎన్నికల సంగతి చెప్పాడు. అధ్యక్షుడితో పాటు పార్లమెంటుకూ ఓట్లట. పార్టీ జాబితాలో ఆడపేరూ మగపేరూ వంతుల వారీగా రాయాలట. ఈసారి తమ కొండకు ఆడపేరు వంతు. గెలిస్తే సభ్యురాలు ఆమె. ఆమెకు వీలుకాకపోతే బదులు కూర్చునేది మరిది రెమిహియో.

"నాకు మాట్లాడ్డం వచ్చా?"

"ఊరి పెద్దరికం చేసినప్పుడు నేర్చుకోలా?"

ఆ మాటకు ఆమె మెత్తబడింది, కాళ్ల కింద దుంపలాగే.

ఆ ఊళ్లో పెద్దరికం మగాడికి ఒక్కడికే ఇవ్వరు, జంటకిస్తారు. ఫాకుందో పెద్ద అయిన ఏడాది గడపతొక్కిన ప్రతివాడికీ వండిపెట్టింది ఆమె. తగువుపడ్డ ఇళ్లకు కొండెక్కి పోయి ఆడవాళ్లను సముదాయించింది ఆమె. సభలో మగాళ్లు బల్లమీద కూర్చుంటే నేలమీద కూర్చుని, తను నేసిన గుడ్డ పరిచి కోకా ఆకు పోసింది కూడా ఆమే. ఆ గుడ్డ మీది ఆకు అందరూ తీసుకుంటేనే తీర్మానం ఖాయం. అంతవరకూ అది వట్టి మాటే. "మనిద్దరం ఒకటే" అనేవాడు ఫాకుందో. ఆ ఒకటి ఎప్పుడూ అతనే ఎందుకవుతాడో అప్పట్లో ఆమెకు తోచలేదు.

ప్రచారంలో నోరు దానంతటదే వచ్చింది. సంతల్లో గాలికి టోపీ పట్టుకుని, ఎండిపోయిన ఊటల గురించి మాట్లాడింది. "మగాళ్లు పోయి తినొస్తారు. నువ్వు పోయి మా నీళ్ల సంగతి అడుగు తల్లీ" అని ఒక ముసలమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అడుగుతానని మాటిచ్చింది. ఓట్ల రోజు బళ్లు తిరగనివ్వరు. ఆడవాళ్లు పిల్లల్ని వీపున కట్టుకుని కనుమ దాటి నడిచొచ్చారు. గెలిచింది. అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది ఫాకుందోయే.

ప్రమాణం వారముందనగా, గొర్రెల్ని తోలుకొచ్చేసరికి రెమిహియో కొత్త సూటులో వాకిట్లో నిలబడి ఉన్నాడు. అత్త చుట్టూ తిరిగి చూస్తోంది.

"చేతులు పొడుగైనయ్యిరా."

"ఎవరి పెళ్లి?" అంది హిలారియా.

"పెళ్లేంది వదినా, పార్లమెంటుకి."

"ఎప్పుడు కుట్టించావు?"

"ఓట్లకు ముందే. అన్నే తీస్కపోయి కొలతలిప్పించాడు." ఆమె మొహం చూసి తగ్గాడు. "నీకు చెప్పలేదా?"

ఫాకుందో తలుపు దగ్గరే ఉన్నాడు. "రేపు సభ పెట్టాం. ఇంట్లో వీలుకాదని చెప్పి, తప్పుకునేది నువ్వే గనక నీ గుడ్డే పరిచెయ్. మర్యాదగా అయిపోద్ది."

"గొర్రెల్ని ఎవరు మేపుతారే, పార్లమెంటా?" అంది అత్త.

"దుంపలు తొక్కిన నాడే అనుకున్నారా ఇదంతా?"

"నీ పేరు అడిగాను," అన్నాడు ఫాకుందో నిమ్మళంగా. "నిన్నడిగానా?"

హిలారియా పొయ్యి రాజేసి వంట చేసింది, అందరికీ వడ్డించింది. ఆ చప్పట్లే చెవిలో ఉన్నాయి. తను ఊటల గురించి మాట్లాడుతుంటే అతను వింటున్నాడనుకుంది. తమ్ముడి సూటు ఎప్పటికి కుట్టడం అయిపోతుందో లెక్క వేసుకుంటున్నాడన్న మాట. చెయ్యి పట్టుకున్న ఆ ముసలమ్మ కూడా సూటుకే ఓటేసిందా? అతను కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. పేరుకు నొప్పి ఉండదనుకున్నారు.

మర్నాడు సభలో ఈ ఏటి ఊరిపెద్ద ఆమె తరఫున తనే అంతా చెప్పేశాడు. ఇంటి బాధ్యతలన్నాడు, తల్లి మనసన్నాడు. బల్లల మీద మగాళ్లు తలలూపారు. అందరి కళ్లూ ఆమె ఒడిలోని గుడ్డ మీదికొచ్చాయి.

హిలారియా ఆకు గుడ్డలో పోసింది. నాలుగు కొసలూ దగ్గరికి తీసి ముడేసింది. లేచి వీపున కట్టుకుంది.

"గుడ్డ పరవ్వే," అన్నాడు ఫాకుందో పళ్లబిగువున.

"పేరు ఇచ్చాను. ఇది ఇవ్వలా."

నేలమీది ఆడవాళ్లు ఒద్దికగా జరిగి దారిచ్చారు. ఆమె రాజధానికి పోయే లారీ ఆగే మలుపు వైపు నడిచింది. వెనక బల్లల మీద మగాళ్లు, తీసుకోడానికి ఆకు లేక, చాచిన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నారు.